విదేశీ బడిలో టీచర్ కొలువు: ఏజెంటుకు పైసలు కట్టే ముందు

మర్రిగూడ అంటే పేపర్లకు ఫ్లోరైడ్ నీళ్లే గుర్తొస్తాయి. పాలమూరు అంటే వలస కూలీ గుర్తొస్తాడు. కానీ ఈ మెట్ట నేలల దళితవాడల్లో ఇంకో తరం కూడా ఎదిగివచ్చింది. గురుకులాల్లో చదివి, నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలేజీల్లో బీఎడ్ పూర్తిచేసి, డీఎస్సీ కోసం ఎదురుచూస్తూ ప్రైవేటు బళ్లలో అరకొర జీతానికి పాఠాలు చెబుతున్న తరం అది. వీళ్ల ఫోన్లకు దుబాయ్, దోహా, మాల్దీవుల బడుల ప్రకటనలు వస్తున్నాయి.

ఇలాంటి కొలువుల కబురు ముందుగా చుట్టరికాల ద్వారా అందుతుంది. అక్కడ మేనమామో బావమరిదో ఉన్నవాళ్లకు ఒక్క ఫోన్ చాలు. మన వాడల్లో చాలామందికి ఆ వెసులుబాటు లేదు. అందుకే నియామక సంస్థల అవసరం మనకే ఎక్కువ, మోసపోయే ప్రమాదమూ మనకే ఎక్కువ. అవి ఎలా పనిచేస్తాయో ప్రతి వాడకూ తెలియాలని మేము కోరుకుంటున్నాం.

ఏ బడి ఎవరిని తీసుకుంటుంది?

విదేశాల్లోని బళ్లను రెండు రకాలుగా చూడొచ్చు. మొదటి రకం, అక్కడి భారతీయుల పిల్లల కోసం నడిచే సీబీఎస్‌ఈ బళ్లు. ఇవి గల్ఫ్‌లో ఎక్కువ. సాధారణంగా బీఎడ్‌తో పాటు రెండేళ్ల అనుభవం అడుగుతాయి. గల్ఫ్‌లో వీటికి చదువుల ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి చలికాలంలోనే వెతుకులాట మొదలుపెట్టాలి. రెండో రకం, ఐబీ, కేంబ్రిడ్జ్ పాఠ్యక్రమాల బళ్లు. చాలావరకు ఆగస్టు, సెప్టెంబరుల్లో తెరుచుకునే ఈ బళ్లు అంతకు ఎనిమిది, తొమ్మిది నెలల ముందు నుంచే టీచర్లను ఎంచుకుంటాయి. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న దేశాలవారికే మొగ్గు చూపే వివక్ష వీటిలో కొన్నింటిలో ఉంది. హైదరాబాద్‌లోని ఐబీ బడిలో ముందు పనిచేస్తే ఆ అనుభవం అక్కరకొస్తుంది. పేరులో 'ఇంటర్నేషనల్' ఉన్నంత మాత్రాన అది ఐబీ బడి కాదు. గుర్తింపు ఉందో లేదో ఐబీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.

పైసలు ఎవరు కట్టాలి?

టెస్ వంటి చోట్ల ప్రకటనలకు బడులే డబ్బు కడతాయి, అభ్యర్థికి ఖర్చుండదు. కొన్ని అంతర్జాతీయ సంస్థలు సభ్యత్వ రుసుము తీసుకుంటాయి. మన దేశంలో ఏజెంట్లకు 1983 వలస చట్టం వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపకూడదు. ఏజెంటు లైసెన్సు నంబరును ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకోవాలి. ఆయన తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. రశీదు తప్పనిసరిగా తీసుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే రిజిస్టర్డ్ సంస్థ ఉంది. టీచర్ల ఖాళీలు ఉన్నాయేమో అక్కడా అడగాలి.

ఈ లెక్క ఎందుకంటే, ఏజెంటు రెండు లక్షలు అడిగితే మన ఇళ్లలో అది అప్పుగానే వస్తుంది. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు ఆరు వేలు, ఏడాదికి 72 వేలు. టీచర్ విమానం ఎక్కకముందే ఆ అప్పు మొదలవుతుంది. కార్మికుల నుంచి నియామక రుసుములు వసూలు చేయరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2016 నాటి సూత్రాల్లో చెప్పింది.

కాగితాల దగ్గర జాగ్రత్త

మొదటి తరం చదువరులకు పేరే పెద్ద చిక్కు. టెన్త్ మెమోలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, పాస్‌పోర్టులో ఇంటిపేరు లేకుండా ఉంటుంది. 2022 నవంబరు నుంచి యూఏఈ, పాస్‌పోర్టులో ఒంటి పేరున్న వారిని సందర్శక వీసాపై రానివ్వడం లేదు. ఏ వీసాపై వెళ్లినా పేర్లు కలవకపోతే డిగ్రీల ధ్రువీకరణ దగ్గర పని ఆగిపోతుంది. కొలువు వెతకక ముందే వీటిని సరిచేయించుకోవాలి. పోలీసు క్లియరెన్సు పాస్‌పోర్టు సేవా కేంద్రం ద్వారా దొరుకుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏజెంటు దగ్గర వదిలిరాకూడదు.

సంతకం పెట్టే ముందు

మూల వేతనం ఎంత, ఇల్లు ఎవరిస్తారు, విమాన టికెట్, ఆరోగ్య బీమా ఉన్నాయా, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నవి ఒప్పందంలో రాసి ఉండాలి. ప్రకటనలో ఉన్న ఈమెయిలుకు కాకుండా, బడి సొంత వెబ్‌సైట్‌లోని చిరునామాకు రాసి ఉద్యోగం నిజమో కాదో తేల్చుకోవాలి. 'ముందు విజిట్ వీసాపై వెళ్లు, తర్వాత మార్పిస్తా' అనే మాట నమ్మొద్దు. అలా పనిచేయడం నేరం. ఇబ్బంది ఎదురైతే విదేశాంగ శాఖ ప్రవాసీ సహాయ కేంద్రానికి 1800 11 3090 నంబరులో ఫోన్ చేయొచ్చు. 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

సముద్రం దాటితే కులం పోతుందని కూడా అనుకోవద్దు. అమెరికాలోని సియాటెల్ నగరం 2023లో కుల వివక్షను నిషేధిస్తూ చట్టం తేవాల్సి వచ్చింది. ఇంటర్వ్యూలో, దరఖాస్తులో మీ కులం చెప్పాల్సిన అవసరం లేదు. 'మనోళ్లేనా' అని ఆరా తీసే ఏజెంటు దగ్గర మరింత జాగ్రత్తగా ఉండండి.

వెళ్లొచ్చినవాళ్లకు, వెళ్లి నిలదొక్కుకున్నవాళ్లకు మా మాట ఒక్కటే. మీకు తెలిసింది ఊళ్లో తర్వాతి పిల్లకు చెప్పండి. పైవాళ్లకు చుట్టరికం చేసిన పని, మనకు మనమే చేసుకోవాలి.