బేరానికి లేని బెరుకు కెమెరాకెందుకు?

భద్రాచలం వెళ్లే బస్సు గోదావరి వంతెన ఎక్కే ముందు వచ్చే ఊరు సారపాక. 1965లో ఆ వంతెన వచ్చింది. 1979లో కాగితపు మిల్లులో ఉత్పత్తి మొదలైంది. రాముడి గుడికెళ్లే భక్తులు, షిఫ్టు దిగిన కార్మికులు, జామాయిల్ కర్ర తెచ్చే లారీల వాళ్లు... సెంటర్‌లో ఎప్పుడూ మనుషులే. అలాంటి చోట టిఫిన్ బండి నడిపే ఆవిడకు మాట ఒకరు నేర్పాలా? ఓ చేత్తో అట్టు తిప్పుతూనే నలుగురికి జవాబు చెబుతుంది, చిల్లర లెక్కా తప్పదు. అదే ఆవిడ ఎదుట ఫోన్ పెట్టి ‘ఒక వీడియో తీద్దాం అక్కా’ అంటే చాలు, కొంగు సర్దుకుంటుంది, తల దించుకుంటుంది. ‘నన్నొద్దయ్యా, అట్లు తీసుకో’ అంటుంది.

పచ్చళ్లు పెట్టేవాళ్లు, బ్లౌజులు కుట్టేవాళ్లు, తేనె అమ్మేవాళ్లు, అందరిదీ ఇదే ఇబ్బంది. సరుకు బాగుంటుంది, చెప్పేవాళ్లే తెరమీదకు రారు.

ఈ ప్రాంతానికి అది చిన్న నష్టం కాదు. 2025 జూన్‌లో ప్రధాని తన ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో భద్రాచలం మహిళల గురించి చెప్పారు. ఒకప్పుడు పొలం కూలికి వెళ్లినవాళ్లే ఇప్పుడు చిరుధాన్యాలతో ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ బిస్కెట్లు చేస్తున్నారు. అవి హైదరాబాద్ నుంచి లండన్ దాకా వెళ్తున్నాయి. మూడు నెలల్లో 40 వేల ‘గిరి శానిటరీ ప్యాడ్లు’ కూడా తయారుచేశారు. ఇంత చేసిన చేతుల కథ కొనేవాళ్ల ఫోన్లలోకీ చేరాలి కదా!

అద్దం చేసే మాయ

‘వీడియోలో నేను బాగోను’ అన్నది అందరి నోటా వచ్చే మాట. దానికో కారణం ఉంది. రోజూ అద్దంలో చూసుకునే ముఖంలో కుడి ఎడమలు తారుమారై ఉంటాయి. పాపిడి అటుది ఇటు కనిపిస్తుంది. మనకు అలవాటైంది ఆ ముఖమే. 1977లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పరిశోధకులు కొందరికి తమ ఫొటోలు రెండు రకాలుగా చూపించారు. ఎక్కువమందికి అద్దంలో కనిపించే తీరు నచ్చింది. వాళ్ల స్నేహితులకు మాత్రం అసలు ముఖమే నచ్చింది. అంటే మనకు వింతగా తోచే ఆ ముఖమే మనవాళ్లు ఇష్టపడే ముఖం.

గొంతు సంగతీ అంతే. మాట్లాడేటప్పుడు మన గొంతు గాలిలోంచే కాదు, పుర్రె ఎముకల గుండానూ మన చెవికి చేరుతుంది. అందుకే లోపల నిండుగా, బరువుగా వినిపిస్తుంది. రికార్డింగులో ఆ ఎముకల వాటా ఉండదు, గొంతు పలచబడినట్టు అనిపిస్తుంది. ఎదుటివాళ్లు మాత్రం మొదటినుంచీ ఆ గొంతే వింటున్నారు.

ఇక ‘నలుగురూ నవ్వుతారు’ అన్న భయం. 2000 సంవత్సరంలో కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు విద్యార్థులకు సిగ్గుపడేలాంటి టీషర్టు తొడిగి, నలుగురూ కూర్చున్న గదిలోకి పంపారు. దాదాపు సగంమంది గమనించి ఉంటారని ఆ విద్యార్థులు అనుకున్నారు. నిజానికి నాలుగోవంతు మంది కూడా పట్టించుకోలేదు.

చేతిలో పని, నోట్లో ఊరిమాట

జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ పెద్దగా చదువుకోలేదు. కూలికి వెళ్లింది, బీడీలు చుట్టింది. ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ ఛానల్ కుర్రాళ్లు కెమెరా పెడితే ఇంట్లో ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడింది. చదివి వినిపించిన డైలాగును తన యాసలోకి తెచ్చుకుంది. 2020లో బిగ్‌బాస్ ఇంటిదాకా వెళ్లింది. యాసను దాచుకుని ఉంటే ఆమెను జనం అంతగా సొంతం చేసుకునేవారా?

తెనాలి దగ్గర గుడివాడలో మస్తానమ్మది ఇంకో దారి. నూరేళ్లు దాటిన ఆ అవ్వ పొలంగట్టున కూర్చుని వండుతుంటే 2016 నుంచి మునిమనవడు ‘కంట్రీ ఫుడ్స్’ పేరుతో వీడియోలు పెట్టాడు. పుచ్చకాయలో కోడికూర వండి ప్రపంచమంతటా పేరు తెచ్చుకుంది. ఆమె చూపు లెన్సు మీద కాదు, పొయ్యి మీదే. 2018 డిసెంబరులో కన్నుమూసేదాకా అంతే.

పెద్ద వ్యాపారులూ ఈ దారినే నడిచారు. లలితా జ్యువెలరీ కిరణ్‌కుమార్ గుండు, తెల్లచొక్కాతో తన ప్రకటనల్లో తానే కనిపించి, తన తెలుగులోనే ‘డబ్బులు ఎవరికీ ఊరికే రావు’ అన్నారు. ఎండీహెచ్ మసాలాల ధర్మపాల్ గులాటీ అయిదో తరగతితో చదువు ఆపేశారు. ఓ ప్రకటనలో పెళ్లికూతురి తండ్రి వేషం వేయాల్సిన నటుడు రాకపోతే ఆయన నిలబడ్డారట. 97 ఏళ్ల వయసులో కన్నుమూసేనాటికి తలపాగాతో కనిపించే ఆయన ముఖం దేశమంతటికీ తెలుసు.

మొదటి వీడియో ఇలా...

ముందు చేతికి పని ఇవ్వాలి. పిండి కలపడం, గుడ్డ కత్తిరించడం, ప్యాకెట్ కట్టడం, రోజూ చేసేది ఏదైనా సరే. చేతులు కదులుతుంటే మాట దానంతటదే వస్తుంది. రాసుకుని బట్టీపట్టిన వాక్యం మధ్యలో తెగితే మళ్లీ అందుకోవడం కష్టం. అందుకే చెప్పాల్సిన మూడు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. ఏం చేస్తున్నాం, అందులో ఏం వేస్తాం, ఎంతకు ఇస్తాం.

తొలి వారం తీసినవి ఎవరికీ పంపనక్కర్లేదు. రోజుకో అర నిమిషం తీసి, మర్నాడు చూసుకోవాలి. సొంత ముఖం, గొంతు అలవాటయ్యేకొద్దీ వెగటు తగ్గుతుంది. తర్వాత ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపు, ఆపై స్టేటస్. ఫోన్‌ను కంటి ఎత్తున నిలిపి, కిటికీకి ఎదురుగా కూర్చుంటే వెలుగు ముఖం మీద పడుతుంది. మాట్లాడేటప్పుడు తెరమీది సొంత బొమ్మను కాదు, లెన్సును చూడాలి. అదీ కష్టమైతే ఫోన్ వెనకాల తెలిసినవాళ్లను నిలబెట్టుకోవాలి.

సారపాక అక్క విషయంలోనూ అంతే. ఫోన్‌ను స్టాండుకు పెట్టి, పక్కన రోజూ వచ్చే గిరాకీ ఒకరు నిలబడి ‘అక్కా, ఈ అల్లం చట్నీకి ఇంత రుచి ఎట్లొచ్చింది?’ అని అడిగితే చాలు. గరిటె ఆపకుండానే చెబుతుంది.