ఎవరి కథ గొప్పది?

సూర్యాపేట నుండి జనగామకు పోయే దారిలో, అర్వపల్లి దాటిన తరువాత, తిరుమలగిరి వస్తుంది. బాటసారి కంటికి అది అంగళ్ళు, ధాన్యపు బస్తాలు, బస్సుల రద్దీ గల ఒక కూడలి మాత్రమే. కాని ఈ దారికి అటునిటు ఉన్న పల్లెల జనానికి కథ వినడమన్నది కేవలము ప్రొద్దుపోక కాదు. దారికి ఒక కొసన, సూర్యాపేట చెంత, దూరాజుపల్లి గుట్టమీద రెండేండ్లకొకసారి లింగమంతులస్వామి జాతర జరుగుతుంది. రెండవ కొసన జనగామ దాటిపోతే కొమురవెల్లి మల్లన్న ఉన్నాడు. నడుమ పల్లెలలో బీరప్ప గుళ్ళు, ఎల్లమ్మ గుళ్ళు. దేవుడున్నచోట దేవుని కథ చెప్పేవాడుండాలి గదా! ఒగ్గువారు, శారదకాండ్రు, చిందువారు, గొల్లసుద్దులవారు, ఇందరు కథకులకు ఈ సీమ ఏనాటినుండో అన్నము పెట్టినది.

ఇందరు కథకులున్నచోట ఎవరు గొప్పవారన్న తగవు పుట్టకుండునా? పుట్టినది, తెగలేదు. ఒగ్గుకథ విషయములో ఈ తగవు ముఖ్యముగా రెండు పేర్ల చుట్టూ తిరుగుతుంది. ఒకరు జనగామ ప్రాంతములోని మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య, 2017లో గతించినారు. రెండవవారు వేములవాడ వైపు హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములు; 2010లో గతించినారు. (సి. నారాయణరెడ్డిగారు పుట్టినది కూడ ఆ హనుమాజీపేటలోనే. ఆ ఊరి నీళ్ళలో ఏమున్నదో!) తిరుమలగిరి వారికి సత్తయ్య ఇంచుమించు ఇంటివాడు. కాబట్టి ఇక్కడ తీర్పు ఎటు మొగ్గుతుందో వేరే చెప్పనక్కరలేదు. కరీంనగరము వైపు పోయి అడిగితే అదే తీర్పు తలక్రిందులవుతుంది.

సత్తయ్య పక్షమువారు ఏమంటారు? ఒగ్గును గుడి ముంగిటినుండి సభావేదికమీదికి తెచ్చినవాడు సత్తయ్య. మల్లన్న, బీరప్పల కథలతో తృప్తిపడక రామాయణ భారత కథలను సైతము ఒగ్గులోనికి దింపినవాడు. ఒగ్గు అనే మాట ఎరుగని శ్రోతలచేత కూడ ఒగ్గు వినిపించుకొన్నవాడు. రాములు పక్షమువారు ఇదంతా విని చిరునవ్వు నవ్వుతారు. ఎల్లమ్మ కథ రాములు నోట విన్నారా అని ఒక్క ప్రశ్న వేస్తారు. వినలేదంటే ఇక మీతో వాదము అనవసరమన్నట్లు ఊరకుంటారు.

ఈ వాదాన్ని శ్రద్ధగా వింటే ఒక చిత్రము బోధపడుతుంది. వీరు ఇద్దరు కళాకారులను పోల్చుతున్నట్లు కనబడతారే గాని, నిజానికి ఒగ్గుకథ అంటే ఏమిటన్న ప్రశ్నకు రెండు వేర్వేరు జవాబులు చెబుతున్నారు. ఒగ్గు అనగా శివుని చేతి ఢమరుకము. కురుమ, యాదవ కులాలలోని ఒగ్గు పూజారులు రంగురంగుల పొడులతో నేలమీద పట్నము వేసి, మల్లన్నకు బలిజ మేడలమ్మతోను, గొల్ల కేతమ్మతోను పెండ్లి జరిపిస్తారు. కథ ఆ పెండ్లి తంతులో ఒక అంగము. ఈ విధముగా చూస్తే ఒగ్గుకథ ఒక పూజ. రామాయణాన్ని అందులో చొప్పించడము, ఒకరి పెండ్లిలో మరొకరి మంత్రాలు చదివినట్లు. ఇక రెండవ జవాబు. ప్రధాన కథకుడొకడు, అతనికి మాట అందించే తోడు కథకుడొకడు, వెనుక డోలు, తాళము. కథ చెబుతూ చెబుతూనే కథకుడు రాజవుతాడు, మరుక్షణము ఆ రాజు భార్య అవుతాడు, మళ్ళీ తన గొంతుకతో మనకు కథ చెబుతాడు. వేషము మార్చడు, భుజముమీది గుడ్డయే కొంగు, అదే ఉయ్యాల, అదే తలపాగా. ఈ నేర్పే ఒగ్గుకథ అనుకొంటే రామాయణమైతేనేమి, భారతమైతేనేమి? ఇంకా చెప్పాలంటే, పరాయి కథను కూడ ఆ నేర్పులో ఇమిడ్చినవాడే మొనగాడు.

ఇది మనకు మాత్రమే పట్టిన జాడ్యము కాదు. ఇంగ్లండులో 1960వ దశకమునుండి బీటిల్స్ బృందము గొప్పదా, రోలింగ్ స్టోన్స్ బృందము గొప్పదా అన్న తగవు నడుస్తూనే ఉన్నది. రాక్ సంగీతమునకు మకుటమెవరిదన్నది అక్కడి ప్రశ్న. తమాషా ఏమంటే, ఆ రోలింగ్ స్టోన్స్ వారు మొదటి రోజులలో తమది రాక్ అండ్ రోల్ కాదనీ, అమెరికా నల్లవారి బ్లూస్ సంగీతమనీ చెప్పుకొన్నారు. తమ బృందము పేరును కూడ మడ్డీ వాటర్స్ అనే బ్లూస్ గాయకుని పాటనుండి తెచ్చుకొన్నారు. తాము కామన్న దానికే వారు కిరీటధారులైనారు! ఆ పేర్లు పుట్టిన వైనము మరింత తెలుసుకోదగినది. అమెరికాలో నల్లవారి పాటల రికార్డులను జాతి పేర వేరుచేసి, రేస్ రికార్డులని అమ్మేవారు. 1949లో బిల్‌బోర్డ్ అనే వ్యాపార పత్రిక ఆ పేరు తీసివేసి, తన పట్టికకు రిథమ్ అండ్ బ్లూస్ అని పేరు పెట్టినది. ఆ పేరు సూచించినవాడు ఆ పత్రికలో పనిచేస్తున్న జెర్రీ వెక్స్‌లర్. పాట మారలేదు, పాడేవాడు మారలేదు. అంగడిలో అరమీద అంటించిన చీటీ మారినది. కొలది ఏండ్లలోనే అలన్ ఫ్రీడ్ అనే రేడియో ప్రసారకుడు ఇంచుమించు అదే సంగీతాన్ని రాక్ అండ్ రోల్ అని పిలిచి తెల్లవారి పిల్లలకు కూడ వినిపించినాడు. అటుపైన దానిమీద ఎవరు ఎంత ఆర్జించినారో, మొదట పాడినవారికి ఎంత దక్కినదో ఆ దేశపు చరిత్రకారులు ఇప్పటికీ లెక్కలు తీస్తున్నారు.

మనకు రికార్డుల అంగడి ఆలస్యముగా వచ్చినది గాని, పేర్ల ముచ్చట మాత్రము చాలా పాతది. తిరుమలగిరికి ఎంతో దూరము కాని పాలకుర్తి, పాల్కురికి సోమనాథుని ఊరుగా ప్రసిద్ధి. ద్విపద గద్యపద్యాలకు తీసిపోదని ఏడువందల ఏండ్లనాడే వాదించిన మహాకవి ఆయన. ఒక విధముగా ఈ సీమలో ప్రక్రియలమీద పుట్టిన మొదటి తగవు అదే. ఆయన పండితారాధ్య చరిత్రలో ఆనాటి జనము పాడుకొనే పాటల పేర్లు వస్తాయి: తుమ్మెద పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు. ఈ పేర్లను ఒకసారి పరికించండి. ఒకదానికి పేరు దేవునివల్ల వచ్చినది, ఒకదానికి కొండవల్ల, ఒకదానికి వేళవల్ల, ఒకదానికి మనసులోని భావమువల్ల, ఒకదానికి చేసే పనివల్ల. ఒక్క జాబితాలో అన్ని కొలబద్దలు! నేటి పరిశోధకుడైతే పట్టికలు గీసి, ఇది శాస్త్రీయము కాదని కొట్టివేసేవాడేమో. సోమనాథునికి ఆ బాధ లేదు. జనము పెట్టుకొన్న పేర్లు గనుక ఆయన వాటిని జనము పెట్టుకొన్నట్లే ఉంచినాడు.

జనము పెట్టిన పేరు తొలగి మరొక పేరు నిలిస్తే ఏమవుతుందో బుర్రకథ చరిత్ర చెబుతుంది. జంగాలు చెప్పే కథ గనుక అది జంగముకథ. తెలంగాణములో దానికి దగ్గరి చుట్టము శారదకథ. తంబురా బుర్రను బట్టి బుర్రకథ. వంతలు పలికే మాటను బట్టి తందానకథ. 1940వ దశకములో ప్రజానాట్యమండలి వారు ఈ ప్రక్రియను చేపట్టినారు. సుంకర సత్యనారాయణగారు కష్టజీవి వంటి కథలు వ్రాసినారు. గుంటూరు మండలములోని పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ ఆ తంబురాను భుజాన వేసుకొని రాష్ట్రమంతటా మారుమ్రోగించినారు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. ఆయన జీవితకథకు పెట్టిన పేరు పింజారి. అది ఆయన పుట్టిన కులము పేరు. అటువంటివారు చెప్పే కథను జంగముకథ అనడము కుదరదు గదా! కులము పేరు వెనుకకు తగ్గి, ఎవరైనా పట్టుకోగల వాద్యము పేరు ముందుకు రావడములో న్యాయమున్నదనే నా నమ్మకము. (మదరాసు ప్రభుత్వము, నిజాము ప్రభుత్వము కూడ బుర్రకథను నిషేధించినవి. నిషేధించే అధికారికి నిర్వచనముతో పేచీ ఉన్నట్లు తోచదు. ముగ్గురు నిలబడి తంబురా మీటితే అతనికి చాలును!)

న్యాయమున్నది నిజమే, వెల కూడ ఉన్నది. నేడు బుర్రకథ అనగానే నాజర్ పేరు నోట వస్తుంది. రావలసినదే. ఆయనకు ముందు తరతరాలుగా ఊరూరా తిరిగి, తిరిపెము గింజలు మూట కట్టుకొని, ఆ ప్రక్రియను చావకుండ కాపాడిన జంగము కుటుంబాలవారిలో ఒక్కరి పేరైనా మనకు తోచునా? తెలంగాణములోని శారదకాండ్ర సంగతి ఇంకా కష్టము. వారి కథకు వారి పేరే ఉన్నది. కాని పోటీ పెట్టేవారికి, బహుమతి ఇచ్చేవారికి తెలిసిన పేరు బుర్రకథ. ఆ పేరుతో పోతే వారు కోస్తావారికి అనుకరణగా కనబడతారు; తమ పేరుతో పోతే ఇదేమి ప్రక్రియ అని అడుగుతారు.

తిరుమలగిరికి పడమటి వైపు గుండాల ప్రాంతములో సుద్దాల ఉన్నది. సుద్దాల హనుమంతు అక్కడివారు, 1982లో గతించినారు. ఊరి పేరులో సుద్దులు ధ్వనించడము కాకతాళీయమే కావచ్చును గాని, ఆయన గొల్లసుద్దులను ఎత్తుకొన్నారు. ఆయన పుట్టుకచేత గొల్లవాడు కారు. చెప్పినవి యాదవుల పూర్వగాథలు కావు. దొరలమీద, నిజాముమీద తిరుగుబాటు. గొంగడి, కర్ర, ఒకడు అంటే ఒకడు అందుకొనే సంభాషణ మాత్రము గొల్లవారివే. అది గొల్లసుద్దులు కాదని ఆ రోజులలో విన్న గొర్లకాపరి ఎవడైనా అన్నాడా? అన్నట్లు నేను ఎన్నడూ వినలేదు. పసులుకాచే పిల్లవానిమీద ఆయన వ్రాసిన పాట 1979 నాటి మా భూమి చిత్రములో వినబడినది. ఇప్పుడు దానిని జానపదమని పాడుకొనేవారే ఎక్కువ. కర్త పేరు తెలిసియుండగా జానపదమెట్లయినదని శాస్త్రము అడుగుతుంది. పాట ఆ ప్రశ్నకు ఆగలేదు.

చిందువారి విషయములో మరొక తీరు కనబడుతుంది. యక్షగానమన్న పేరు ఎంత దూరము ప్రయాణించినదో! పదునారవ శతాబ్దిలో కందుకూరి రుద్రకవి సుగ్రీవ విజయమును యక్షగానమన్నారు. కన్నడదేశములో అదే పేరు మరొక నాట్యరూపానికి చెల్లుతున్నది. ఎస్వీ జోగారావుగారు ఆంధ్ర యక్షగాన వాఙ్మయముమీద పెద్ద గ్రంథమే వ్రాయవలసి వచ్చినది. ఇంత విశాలమైన పేరులో చిందువారు కరిగిపోయి ఉండవలసినది. కాని 2024లో జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యగారికి పద్మశ్రీ ఇచ్చినప్పుడు, చిందు యక్షగానమన్న మాటకే ఆ గౌరవము దక్కినది. చేసేవారి పేరు, చేసే పని పేరు ప్రక్కప్రక్కన నిలిచినవి. జంగాలకు దక్కనిది చిందువారికి దక్కినది. ఆ సంవత్సరమే నారాయణపేట జిల్లా దాసరి కొండప్పగారికి బుర్రవీణ వాదనకు పద్మశ్రీ వచ్చినది. వాద్యము పేరుతోనే పురస్కారము వచ్చినందువల్ల, ఇదేమి బుర్ర అని కొందరైనా ఆరా తీసియుంటారు.

ఇప్పుడు ఒగ్గుకు ఇటువంటి ఘట్టమే వచ్చినది. సభలలో, ఊరేగింపులలో ఒగ్గుడోలు విన్యాసమని ఒకటి బయలుదేరినది. పదిమంది, ఇరవైమంది యువకులు డోళ్ళు కట్టుకొని, లయ తప్పకుండ అడుగులు వేస్తూ, ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కి వాయిస్తారు. చూడముచ్చటగా ఉంటుంది, ఆ యువకుల శ్రమను తక్కువ చేయడము నా ఉద్దేశము కాదు, దానివల్ల నాలుగు కుటుంబాలు బ్రతుకుతున్నవి. కాని అందులో కథ లేదు. మేడలమ్మ లేదు, కేతమ్మ లేదు, రాముడు కూడ లేడు. ఒగ్గు అంటే ఏమిటని నేటి పిల్లవానిని అడిగితే డోలు చూపిస్తాడు. కథ చెప్పేవారికి వేదికమీద అరగంట ఇస్తారు; రాత్రంతా నడిచే కథలో అరగంట అంటే దేవుని పేరు తలచుకొని శ్రోతలకు దండము పెట్టేసరికే సరి.

కాబట్టి సత్తయ్యయా, రాములా అని నన్ను ఎవరైనా నిలదీస్తే, మొదట గీత ఎక్కడ గీయాలో తేల్చుకొందామంటాను. పట్నము లేకపోయినా ఒగ్గుకథ కావచ్చును. కథ లేకపోతే ఒగ్గుకథ కాదు. ఈ గీతకు లోపల సత్తయ్య చెప్పిన రామాయణము ఉన్నది, రాములు చెప్పిన ఎల్లమ్మ కథ ఉన్నది, పూజారి చెప్పే మల్లన్న పెండ్లి ఉన్నది. డోలు విన్యాసము గీతకు అవతల ఉన్నది. దానికి వేరే పేరు, వేరే బహుమతి ఉండనీయండి. గీతకు లోపల ఉన్నవారిలో ఎవరు గొప్పవారన్నది అరగంటలో తేలే విషయము కాదు. రాత్రి రెండవ జాము దాటిన తరువాత చలిలో గొంగళ్ళు కప్పుకొని ఎందరు మిగిలినారో చూసి తేల్చవలసినది. ఆ లెక్క ప్రకారము, తిరుమలగిరివారు నన్ను క్షమింతురు గాక, ఎల్లమ్మ కథవరకు నా ఓటు రాములుకే.

దూరాజుపల్లి జాతరలో భేరీల మోతకు, లింగా అన్న కేకలకు కొదువ ఉండదు. వచ్చే జాతరకైనా ఆ గుట్టక్రింద మైకుల హోరు చేరని ఒక మూల పందిరి వేసి, ఒక్కొక్క రాత్రి ఒక్కొక్క బృందానికి ప్రొద్దుపొడిచేవరకు అప్పగిస్తే బాగుండును. మొదటి రాత్రి శారదకాండ్రకు ఇవ్వండి. పందిరికి కట్టే పలకమీద వారి కథకు వారేమి పేరు చెబితే అదే వ్రాయించండి.