రాతి మీద రాయని పేర్లు

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి వెళ్లేవాళ్లు పెద్ద గోపురం కింది నుంచి హడావుడిగా దాటిపోతారు. లోపల దర్శనం క్యూ, బయట చెప్పులు విడిచే గోల... ఆ తొందరలో దారి పక్క గోడ మీద నిలబడ్డ రాజునీ, ఆయన ముగ్గురు రాణులనీ ఆగి చూసేవాళ్లు కొద్దిమందే. ఆయన మట్ల కుమార అనంతరాజు. కడప జిల్లా సిద్ధవటం ఏలిన వంశం. 17వ శతాబ్దం తొలినాళ్లలో ఈ ఏడంతస్తుల గోపురం కట్టించింది ఆయనే.

కట్టించింది! తెలుగులో ఈ మాట చాలా నిజాయితీ గలది. రాజు గోపురం 'కట్టాడు' అని తెలుగువాడు అనడు. 'కట్టించాడు' అంటాడు. అంటే కట్టింది వేరే ఎవరో అని ఆ మాటలోనే ఒప్పుకోలు ఉంది. మరి ఎవరి చేత కట్టించాడు? రాజు బొమ్మను, రాణుల నగలతో సహా, రాతిలోంచి బయటికి తీసిన ఆ శిల్పి ఎవరు? గోపురం దగ్గర చెప్పేవాళ్లు లేరు.

తిరుపతి, చిత్తూరు సీమలో ఎటు వెళ్లినా ఇదే తంతు. నాగలాపురం వేదనారాయణస్వామి గుడి ఎవరిదంటే కృష్ణదేవరాయలదంటారు. తిరుమలలో తాళ్లపాక వారి రాగిరేకులు రెండు వేలకు పైగా ఉన్నాయి. 1922లో సంకీర్తన భండారంలోంచి అవి వెలుగు చూశాక అన్నమయ్య పేరు ఊరూవాడా మార్మోగింది. మార్మోగవలసిందే. కానీ అన్ని వేల పంక్తుల్ని ఒక్కో అక్షరమూ రాగి మీద గీసినవాళ్ల చూపు ఏమైందో, వేళ్లు ఎంత కాయలు కాచాయో ఎవరు తలచుకున్నారు?

కూలినప్పుడు కనిపించినవి

శ్రీకాళహస్తి రాజగోపురం 1516లో రాయలవారు కట్టించినది. 494 ఏళ్లు నిలిచి, 2010 మే 26 సాయంత్రం కుప్పకూలింది. పగుళ్లు ముందే కనబడి జనాన్ని దూరంగా పంపడంతో పెద్ద ప్రాణనష్టం తప్పింది. ఆ రాత్రి టీవీల ముందు కూర్చుని కంటతడి పెట్టినవాళ్లు ఎందరో! మర్నాడు పత్రికల నిండా రాయలవారి పేరే.

గుట్టగా పడివున్నది మాత్రం ఇటుక, సున్నం, రాయి. సున్నపు గారలో దాగిన ఇటుకలు అయిదు వందల ఏళ్ల తర్వాత మొదటిసారి ఎండ చూశాయి. వాటిలో ప్రతి ఒక్కటీ ఎన్ని చేతులు మారి పైకి వెళ్లిందో లెక్క వేసుకోవచ్చు. మట్టి తవ్వినవాడు ఒకడు, తొక్కినవాడు ఒకడు, అచ్చు పోసినవాడు, బట్టీకి కట్టెలు కొట్టుకొచ్చినవాడు, కాల్చినవాడు. ఎద్దు కట్టిన గానుగలో సున్నం నూరినవాళ్లు. గంపకెత్తుకుని సారువ మీదుగా పైపైకి అందించినవాళ్లు, అక్కడ పేర్చిన తాపీవాడు. పైఅంతస్తుకు చేరిన ఇటుక పదిచేతులు దాటనిదై ఉండదు.

అదే చోట కొత్త గోపురం లేచి 2017లో కుంభాభిషేకం జరిగింది. దాతల పేర్లు అందరికీ తెలుసు. సారువ ఎక్కినవాళ్లవి ఈసారీ తెలియవు.

వెయ్యి మంది, నూరు బండ్లు

మరి మన పాతకాలంవాళ్లు కూలీల ఊసే ఎత్తలేదా? ఎత్తారు. పేరు పెట్టి కాదు, లెక్క పెట్టి!

ఆ లెక్క ఉన్నది పొరుగున కడప జిల్లా పోరుమామిళ్లలో. అక్కడి చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఒకటుంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి సీమను ఏలుతూ అనంతరాజసాగరమనే ఆ చెరువును తవ్వించాడు. ఎన్ని రోజులు పట్టింది, ఎంతమంది పనిచేశారు అన్నది ఆ శాసనం దాచకుండా చెబుతుంది. రోజూ వెయ్యి మంది కూలీలు. కట్టకు రాళ్లు తోలడానికి నూరు బండ్లు. రెండేళ్లు. అంటే పండగా పబ్బమూ తీసేయకపోతే ఏడు లక్షల పైచిలుకు కూలిరోజులు! ఆనాటి రాయలసీమ ఎండల్లో.

ఆ శాసనంలో ఇంకో గొప్ప సంగతి ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలని చెప్పి వరసగా ఏకరువు పెట్టింది. ధర్మం తెలిసిన రాజు ఉండాలి, నీటి శాస్త్రం ఎరిగిన బ్రాహ్మణుడు ఉండాలి, గట్టి నేల ఉండాలి, తియ్యటి నీళ్ల ఏరు ఉండాలి, పొడుగాటి రాళ్లు దొరికే గని దగ్గర్లో ఉండాలి... అలా చెప్పుకుంటూ పోయి చివరికి, పని తెలిసిన మనుషుల దండు ఉండాలి అంది. రాజు ఎంత అవసరమో వాళ్లూ అంతే అవసరం, పన్నెండింటిలో ఒకరు. కాకపోతే వరసలో రాజుది మొదటి చోటు, వాళ్లది చివరి చోటు. ఆరున్నర శతాబ్దాల కిందట ఇంతమాత్రం రాసినందుకే ఆ శాసనకర్తకు దణ్ణం పెట్టొచ్చు.

చెరువులకు చెల్లించిన మూల్యం మాత్రం శాసనాల్లో దొరకదు. దానికి పరదేశి చూపు కావలసి వచ్చింది. కృష్ణదేవరాయల కాలంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్, నగరం పక్కన తవ్విస్తున్న ఒక పెద్ద చెరువును కళ్లారా చూశాడు. అక్కడ పదిహేను ఇరవై వేల మంది చీమల్లా కదులుతుంటే కింద నేలే కనబడలేదని రాశాడు. కట్ట పదే పదే తెగిపోతుంటే బలి ఇమ్మన్నారట. అరవై మంది మనుషుల తలలు, గుర్రాలు, దున్నలు అక్కడ తెగాయట. తర్వాత వచ్చిన న్యూనిజ్ ఆ మనుషులు చావుశిక్ష పడిన ఖైదీలని చెప్పాడు. రాయల వైభవం గురించి ఈ ఇద్దరి మాటల్నే పాఠ్యపుస్తకాలు చెబుతుంటాయి. ఈ పేరా దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు నొక్కేసుకుంటాయి.

చెరువు కట్టకు మనిషి ప్రాణం అడిగే కథ ఈ సీమకు కొత్త కాదు. చిత్తూరు బిడ్డ కట్టమంచి రామలింగారెడ్డి చదువుకునే వయసులో రాసిన 'ముసలమ్మ మరణము' అదే కదా! అనంతపురం పక్క బుక్కరాయసముద్రం కట్ట నిలవడానికి ఒక ఇంటి కోడలు తనను తాను అర్పించుకున్న కథ. ఆ కట్ట మీద మట్టి పోసిన వందలమందిలో జనం నోట నిలిచిన పేరు ఆమెదొక్కటే. అదీ పనిచేసినందుకు కాదు, ప్రాణమిచ్చినందుకు.

ఉలికి మొన పెట్టినవాడు

రాయలసీమలో గుండ్ల మధ్య తిరిగినవాళ్లు ఒకటి చూసే ఉంటారు. కొన్ని బండల అంచున పంటిగాట్లలా వరసగా చిన్న చిన్న గంట్లు. పిల్లలు వాటిని భీముడి వేళ్ల గుర్తులనుకుని మురిసిపోతారు. నిజానికి అవి రాయి చీల్చినవాళ్ల గుర్తులు. బండ మీద గీత గీసి, గీత వెంట ఉలితో గంట్లు తొలిచి, ఒక్కోదాంట్లో ఇనప చీల దిగ్గొట్టి, ఈ చివరి నుంచి ఆ చివరికి సమ్మెటతో వరస తప్పకుండా కొడుతూ పోవాలి. మొదట్లో రాయి కంగుమంటుంది. చీలే ముందు గొంతు మారుతుంది. ఆ మార్పు పట్టినవాడే పనివాడు. కొన్ని చోట్ల నిప్పుతోనూ చీల్చేవారు. బండ మీద కట్టెలు పేర్చి కాలిస్తే పైపొర ఉబ్బి విడివడుతుంది. విడని బండ మీద గంట్లు మాత్రం అలాగే మిగిలిపోతాయి. శాసనాలకెక్కని ఆ పనివాళ్ల సంతకాలు అవే.

రాయి ఒక్కదానితో కథ అయిపోదు. మన కొండల గ్రానైటు ఉలిని తినేస్తుంది. కాసేపు కొట్టేసరికి మొన మొద్దుబారుతుంది. మళ్లీ కొలిమిలో పెట్టి కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచి పదును ఎక్కించాలి. పదిమంది శిల్పులు పనిచేసే చోట కొలిమి ఆరకూడదు. కొలిమికి బొగ్గు కావాలి. బొగ్గు కోసం అడవిలో చెట్టు కొట్టి కాల్చేవాళ్లు కావాలి. గాలి కొట్టే తిత్తికి తోలు కావాలి. బావిలోంచి నీళ్లు తోడే తోలుబానకూ అదే. ఆ తోలు ఊనింది ఊరి చివర గుడిసెల్లోనివాళ్లు. వాళ్ల తిత్తి ఊదితేనే ఉలికి మొన వచ్చింది, ఆ ఉలితోనే దేవుడికి కళ్లు వచ్చాయి. ఆ దేవుణ్ణి గర్భగుడి ముందు నిలబడి చూడడానికి మాత్రం వాళ్ల మనవలు ముని మనవలు 1947 మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం దాకా ఆగవలసి వచ్చింది.

ఇక దుమ్ము... రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వస్తుందని ఈనాటి వైద్యులకు తెలుసు. ఏళ్ల తరబడి మండపాల్లో కూర్చుని ఉలి ఆడించిన శిల్పులు దగ్గుతో ఎలా కృశించారో ఏ కైఫీయతూ రాయలేదు.

పేరు దక్కిన అదృష్టవంతులు

అసలు రాసే అలవాటే లేదా అంటే, ఉంది. పొరుగున తంజావూరులో రాజరాజ చోళుడు 1010 నాటికి పెద్దగుడి ముగించి, దాన్ని కట్టిన పెద్ద స్థపతి కుంజరమల్లన్ పేరు గోడ మీద చెక్కించాడు. మంగలితో సహా! ఆ చోళుల ఏలుబడి మన గుడిమల్లం దాకా ఉండేదే. కృష్ణా తీరాన జగ్గయ్యపేట స్తూపానికి ఇక్ష్వాకుల కాలంలో సిద్ధార్థుడనే శిల్పి స్తంభాలు దానమిచ్చి, తన తండ్రి పేరూ, ఊరి పేరూ రాయించుకున్నాడు. ఓరుగల్లు సీమలో రేచర్ల రుద్రుడు 1213లో ఎత్తించిన గుడిని జనం కట్టించినవాడి పేరున పిలవడం మానేసి, కట్టినవాడుగా చెప్పుకునే రామప్ప పేరుతో పిలుచుకున్నారు. 2021లో యునెస్కో జాబితాకు ఎక్కిన పేరులోనూ రామప్ప ఉన్నాడు.

ఈజిప్టులో ఇంకో ముచ్చట జరిగింది. పిరమిడ్ల దగ్గర 1990లో ఒక గుర్రం కాలు తట్టుకుంటే పాత గోడ బయటపడింది. తవ్వి చూస్తే పిరమిడ్లు కట్టిన కూలీల సమాధులు! రొట్టె, సారా పెట్టి మరీ సాగనంపారు. మనవాళ్లకు అలాంటి ఆనవాళ్లు కూడా లేవు. గుడి పూర్తయ్యాక గుడిసెలు పీక్కుని ఇంకో ఊరికి పోయారంతే.

గుడిమల్లం మాట వచ్చింది కాబట్టి అక్కడో నిమిషం. ఏర్పేడు దగ్గరి ఆ ఊళ్లో పరశురామేశ్వరుడి లింగం క్రీస్తుకు ముందు ఒకటి రెండు శతాబ్దాల నాటిదని పండితుల లెక్క. అయిదడుగుల లింగం మీద, యక్షుడి భుజాల మీద నిలబడ్డ శివుడు. చేతిలో పొట్టేలు, భుజాన గొడ్డలి. నడుముకు చుట్టిన పల్చటి పంచె మడతలు నేటికీ లెక్కపెట్టొచ్చు. గట్టి రాతికి అద్దంలా మెరుగు పెట్టాడు ఆ మహానుభావుడు. తర్వాత వచ్చిన పల్లవులు, బాణులు, చోళుల శాసనాలు ఆ గుడి నిండా ఉన్నాయి. ఎవరు గొర్రెలిచ్చారో, ఎవరు దీపానికి నెయ్యి ఇచ్చారో, ఏ పొలం ఎవరిదో వాటినే అడగాలి. ఆ మడతలు చెక్కినవాడి గురించి అడిగితే మాత్రం జవాబు రాదు.

ఒడ్డెవాళ్ల వీధి

వాళ్ల వారసులు ఎక్కడికీ పోలేదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఒడ్డెర కాలనీ లేని పట్టణం అరుదు. రాతి పని, మట్టి పని అని ఒడ్డెల్లోనే రెండు తీరులు. చెరువు తవ్వేటప్పుడు మగవాళ్లు గడ్డపారతో తవ్వితే ఆడవాళ్లు గంపలు మోసేవారు. కూలి రోజుకింత అని కాదు, తవ్విన గుంత కొలతను బట్టి. ఆ కొలతకు సాక్ష్యంగా గుంత మధ్యలో తవ్వకుండా ఒక మట్టి దిమ్మె వదిలేవారు. ఎన్నడో తవ్విన లోతు అంత కచ్చితంగా లెక్కగట్టే పద్ధతి అది!

ఇంతటి పనివాళ్లకు తెల్లదొరలు ఇచ్చిన బిరుదు ఏమిటో తెలుసా? పని వెతుక్కుంటూ ఊరూరా తిరుగుతారు కాబట్టి ఒడ్డెల్లో కొన్ని గుంపులను 'నేరస్థ తెగలు' అన్నారు. 1952లో ఆ చట్టం పోయింది. ఆ మచ్చ అంత తొందరగా పోలేదు. సరిహద్దు దాటి కర్ణాటకలో ఇదే కులంవాళ్లు భోవి పేరుతో ఎస్సీలు. ఇక్కడ బీసీ-ఏ. మమ్మల్ని ఎస్టీల్లో చేర్చండన్న వాళ్ల వినతులు ఏళ్ల తరబడి కాగితాల్లోనే తిరుగుతున్నాయి. ఈలోగా సమ్మెట చేసే పనికి క్రషర్లూ, గడ్డపార చేసే పనికి పొక్లెయినర్లూ వచ్చేశాయి.

శిల్పవిద్య మాత్రం తిరుపతిలో ఇంకా బతికే ఉంది. 1960లో టీటీడీ పెట్టిన శిల్ప శిక్షణ సంస్థలో కుర్రాళ్లు రాయి, కొయ్య, లోహం, సుద్ద పని నేర్చుకుంటున్నారు. అక్కడ చెక్కిన విగ్రహాలు ఊరూరా గుళ్లకు వెళుతున్నాయి. పీఠం మీద దాత పేరుంటుంది. కిందనే చిన్న అక్షరాల్లో చెక్కినవాడి పేరూ పెడితే రాయి ఏమీ అరగదు.

తిరుమల మొదటి ఘాట్ రోడ్డు సంగతి ఇంకా దగ్గరిది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య మార్గదర్శకత్వంలో రూపు దిద్దుకుంది. 1944 ఏప్రిల్ 10న మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ దాన్ని ప్రారంభించాడు. ఇంజినీరు గుర్తున్నాడు, గవర్నరు గుర్తున్నాడు. ఎనభై ఏళ్లే అయింది కాబట్టి, కొండ పగలగొట్టినవాళ్ల పిల్లలు, మనవలు తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా ఉండే ఉంటారు. మా తాత ఫలానా మలుపు దగ్గర రాయి కొట్టాడని చెప్పగల నోరు ఒకటైనా దొరక్కపోదు. ఆ ముసలివాళ్లు ఉండగానే ఎవరైనా పలకా బలపం పట్టుకుని వెళ్లాలి.