మిషను నూనె, వంట నూనె ఒకటి కాదు



తంబళ్లపల్లె పక్కన ఒక పల్లె. అక్కడ ఒక అక్కకు కుట్టు మిషనే జీవనాధారం. శివరాత్రి వస్తోంది. మల్లయ్యకొండ తిరునాళ్లకు కట్టుకుపోవాలని ఊర్లో ఆడవాళ్లు పది రైకలు ఇచ్చినారు. పండుగలోపు కుట్టి ఇస్తేనే కూలి డబ్బులు. ఉన్నట్టుండి మిషను బిగుసుకుపోయింది. ఎంత తొక్కినా చక్రం కదల్లేదు.

ఏమయింది? మిషను నూనె అయిపోయిందని ఆ అక్క శెనక్కాయ నూనె పోసింది. నాలుగు దినాలు బాగానే తిరిగింది. ఆ తర్వాత నూనె బంకలాగా గట్టిపడింది. దుమ్ము, దారం పీచు దానికి అంటుకున్నాయి. కొబ్బరి నూనె పోసినా ఇంతే. మిషను నూనె పలచగా ఉంటుంది, తొందరగా బంక కట్టదు. అందుకే అది వేరే.

మదనపల్లె నుంచి మెకానిక్ వచ్చినాడు. కొన్ని చుక్కలు కిరసనాయిలు వేసి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి బంక వదిలించినాడు. శుభ్రంగా తుడిచి, మిషను నూనె వేసినాడు. మిషను తిరిగింది. కానీ రెండు రోజుల పని పోయింది. రిపేరు డబ్బులూ పోయినాయి.

మిషను ఎట్లా కుడుతుంది?

చేతి సూదికి కన్ను వెనక ఉంటుంది. మిషను సూదికి కన్ను మొన దగ్గరే ఉంటుంది. ఇట్లాంటి సూదితో కుట్టే మిషనుకు అమెరికాలో ఎలియాస్ హోవె అనే ఆయన 1846లో పేటెంటు హక్కు పొందినాడు. సూది పై దారాన్ని కిందికి తీసుకుపోతుంది. అక్కడ దారం చిన్న ఉచ్చు అవుతుంది. కింద ఉన్న కొక్కెం ఆ ఉచ్చును పట్టి బాబిన్ దారం చుట్టూ తిప్పుతుంది. రెండు దారాలూ ముడిపడితే ఒక కుట్టు. సూది కొంచెం వంగినా కొక్కేనికి ఉచ్చు అందదు. కుట్టు తప్పుతుంది.

మనం చేయగల పనులు

1. రోజూ పని అయినాక పొడి గుడ్డతో మిషను తుడవండి. గుడ్డ కప్పండి. వానాకాలంలో తేమకు తుప్పు పడుతుంది.

2. వారానికోసారి సూది కింది పలక తీయండి. పళ్ల సందుల్లో, బాబిన్ కేసులో చేరిన పీచును చిన్న బ్రష్షుతో తీయండి.

3. నూనె రంధ్రాల్లో ఒక్కో చుక్క వేస్తే చాలు. కింద తొక్కే పలక కీళ్లకూ వేయండి. బెల్టుకు మాత్రం వేయరాదు, జారిపోతుంది. తర్వాత ముందు పాత గుడ్డ మీద కుట్టండి. లేకుంటే ఊరివాళ్ల రైకకు మరక అవుతుంది.

4. సూది మొన మొద్దుబారినా, వంగినా మార్చండి. పాత సూది తీసే ముందు దాని చదును వైపు ఎటు ఉందో చూడండి. కొత్తది అట్లే పెట్టండి.

5. బట్ట కింద దారం ఉచ్చులు పడుతున్నాయా? స్క్రూ తిప్పే ముందు పై దారం తీసి మళ్లీ సరిగ్గా ఎక్కించండి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది.

6. బెల్టు వదులైతే తొక్కినా చక్రం తిరగదు. బెల్టును కొంచెం కత్తిరించి కొక్కెం మళ్లీ వేయించండి.

జాగ్రత్త!

కరెంటు మోటారు ఉంటే ముందు ప్లగ్గు పీకండి. కిరసనాయిలుతో పని దీపం దగ్గర, పొయ్యి దగ్గర చేయరాదు. పని లేనప్పుడు బెల్టు తీసి పెట్టండి. పిల్లలు తొక్కి వేళ్లు నలుపుకోకుండా ఉంటారు.

ఇప్పుడు ఆ అక్క ఏం చేస్తోంది? మిషనుతో వచ్చిన చిన్న పుస్తకం పెట్టె అడుగున పడి ఉండేది. దాన్ని బయటికి తీసింది. అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివింది. నూనె రంధ్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో బొమ్మలో చూసుకుంది. నూనె వేసిన రోజు గోడ క్యాలెండరు మీద 'నూనె' అని రాస్తోంది. చదువు కడుపు నింపుతుందా అని అడిగేవాళ్లకు ఆ క్యాలెండరే జవాబు.

చెప్పండి, రాయండి

1. వంట నూనె పోస్తే మిషను ఎందుకు బిగుసుకుపోతుంది?
2. సూది వంగితే కుట్టు ఎందుకు తప్పుతుంది?
3. మీ ఇంట్లో మిషనుకు నూనె వేసి ఎన్ని రోజులయింది? ఆ తేదీ రాసి పెట్టుకోండి.