ఒక్క గీత చూసి తీర్పు చెప్పొద్దు!



మన బుగ్గారం, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు నుంచి గల్ఫ్‌కు పోయేటోళ్లు ఎందరో ఉన్నారు. వీసా కోసం చేసే పరీక్షల్లో హెచ్‌.ఐ.వి. పరీక్ష కూడా ఉంటది. ఉన్నదని వస్తే ప్రయాణం ఆగిపోతది. లేనోళ్లకు ఉన్నదన్నా, ఉన్నోళ్లకు లేదన్నా ఒక కుటుంబం ఆగమైతది. మరి పరీక్ష తప్పు చెప్పకుండా ల్యాబ్‌లో ఏం చేస్తారు? నేను తెలుసుకున్నది రాస్తున్నాను.

పరీక్ష ఎట్ల చేస్తారు?

చిన్న పట్టీ మీద నెత్తురు చుక్క వేసి, ఒక ద్రవం కలుపుతారు. కొద్ది నిమిషాల్లో గీతలు కనిపిస్తాయి. చాలా కిట్లు వైరస్‌ను చూడవు, దానితో పోరాడటానికి మన ఒంట్లో తయారైన యాంటీబాడీలను పట్టుకుంటాయి. ‘సి’ అనే చోట గీత తప్పక పడాలి. పడకపోతే ఆ పట్టీ పని చేయలేదని అర్థం. కొత్త పట్టీతో మళ్లీ చేయాలి.

మూడు పరీక్షలు ఎందుకు?

ఒక లెక్క చేద్దాం. 1000 మందిలో నిజంగా ఇద్దరికే హెచ్‌.ఐ.వి. ఉన్నదనుకుందాం. కిట్‌ ఆ ఇద్దరినీ పట్టుకున్నది. కాని లేనోళ్లలో నూటికి ఒక్కరికి ఉన్నదని తప్పు చెప్పిందనుకుందాం. అంటే 998 మందిలో దాదాపు 10 మందికి తప్పు గీత. మొత్తం 12 మందిలో నిజంగా ఉన్నది ఇద్దరికే! అందుకే మన దేశంలో మూడు వేర్వేరు రకాల కిట్లతో చూస్తారు. మూడింటిలోనూ వస్తేనే ‘ఉన్నది’ అని రాస్తారు.

ల్యాబ్‌లో పాటించవలసినవి

1. తేదీ దాటిన కిట్‌ వాడరాదు. పెట్టె మీద రాసిన వేడిని మించి ఉంచరాదు. కొన్నిటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో పెట్టాలి. మన ఎండలు, కరెంటు కోతలు తెలిసినవే కదా! అందుకే రోజూ థర్మామీటరు చూసి రిజిస్టరులో రాయాలి.
2. గీతను గడియారం చూసి చదవాలి. తొందరపడ్డా తప్పే, ఆలస్యమైనా తప్పే.
3. నెత్తురు గొట్టం మీది నంబరు, రిజిస్టరులోని నంబరు ఒకటే ఉండాలి. గొట్టాలు మారితే ఎంత మంచి కిట్‌ అయినా ఏం లాభం?
4. పెద్ద ల్యాబ్‌ తనకు ఫలితం తెలిసిన నమూనాలను జవాబు చెప్పకుండా చిన్న ల్యాబ్‌కు పంపుతది. మన యూనిట్‌ టెస్టు లాంటిదే! నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. పరీక్ష చేసేటోళ్లకు కూడా పరీక్ష ఉన్నది.

ఇవి గుర్తుంచుకోండి

వైరస్‌ సోకిన కొత్తలో యాంటీబాడీలు తక్కువ. కాబట్టి ‘లేదు’ అని వచ్చినా, అనుమానం ఉంటే మూడు నెలలకు మళ్లీ చూపించుకోవాలి. సర్కారు దవాఖానల్లోని ఐ.సి.టి.సి. కేంద్రాల్లో పరీక్ష ఉచితం. నిజంగా ఉన్నా భయం లేదు, 2004 నుంచి ప్రభుత్వం ఏ.ఆర్‌.టి. మందులు ఉచితంగా ఇస్తున్నది. 2017 చట్టం ప్రకారం ఒకరి ఫలితాన్ని వారి ఒప్పుకోలు లేకుండా బయటపెట్టరాదు. సందేహాలకు 1097 నంబరుకు ఫోన్‌ చేయవచ్చు.

కాబట్టి ఎవరి గురించైనా “వానికి అది ఉన్నదట” అని ఎవరన్నా అంటే, ఆ మాటను ఇంకొకరికి మోయకండి.

సరిగా పరీక్షిద్దాం – సాటి మనిషిని గౌరవిద్దాం!