కాలేయంలో కొవ్వు శాతం: ఎం.ఆర్.ఐ. కొలతలోని మెలకువలు

వేరుశనగ, పొద్దుతిరుగుడు వంటి నూనెగింజలలో నూనె శాతాన్ని గింజ చెడకుండా కొలిచే ఎన్.ఎం.ఆర్. పరికరం విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు పరిచితమే. నూనెలోని హైడ్రోజన్ కేంద్రకాలు, అనగా ప్రోటాన్లు, ఇచ్చే అయస్కాంత అనునాద సంకేతమే ఆ కొలతకు ఆధారం. మానవ కాలేయంలోని కొవ్వును కొలిచే ఎం.ఆర్.ఐ. కూడా ఈ సూత్రంపైననే పనిచేస్తుంది.

కాలేయపు కొవ్వును నిర్ధారించుటకు సూదితో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో పరిశీలించుట చిరకాలంగా ఉన్న పద్ధతి. ఆ ముక్క మొత్తం కాలేయంలో సుమారు 50,000వ వంతు మాత్రమే. కొవ్వు అన్ని భాగాలలో సమానంగా ఉండదు గనుక, ఒక్క చోట తీసిన మట్టి నమూనాతో పొలమంతటి సారాన్ని అంచనా వేయుటలోని చిక్కే ఇక్కడా ఎదురవుతుంది. ఎం.ఆర్.ఐ. కాలేయమంతటినీ కొలవగలదు.

నీటిలోని, కొవ్వులోని ప్రోటాన్ల పౌనఃపున్యాలు స్వల్పంగా భిన్నమైనవి. 1.5 టెస్లా యంత్రంలో ఈ తేడా సుమారు 220 హెర్ట్జ్. అందువలన ప్రేరేపణ జరిగిన 2.3 మిల్లీసెకన్లకు రెండు సంకేతాలు పరస్పరం వ్యతిరేకిస్తాయి, 4.6 మిల్లీసెకన్లకు కలుస్తాయి. దీని ఆధారంగా నీటిని, కొవ్వును వేరుచేసే పద్ధతిని 1984లో డిక్సన్ ప్రకటించారు. కలిసినప్పటి సంకేతం 100, వ్యతిరేకించినప్పటిది 80 అయితే, తేడాలో సగమైన 10 శాతం కొవ్వు అన్నమాట.

అయితే కాలేయంలో ఇనుము పేరుకొని ఉంటే సంకేతం త్వరగా క్షీణిస్తుంది. క్షీణతా కాలస్థిరాంకం 10 మిల్లీసెకన్లు అనుకొందాం. అప్పుడు 80 కాస్తా సుమారు 63.6కు, ఆలస్యంగా కొలిచే 100 కాస్తా సుమారు 63.1కు తగ్గుతాయి. ఉన్న 10 శాతం కొవ్వు లెక్కలో పూర్తిగా అదృశ్యమవుతుంది. రోగికి కొవ్వు లేదనే తప్పుడు నివేదిక అందుతుంది.

కావున ఆధునిక పద్ధతిలో సాధారణంగా ఆరు వేర్వేరు సమయాలలో సంకేతాన్ని గ్రహించి, క్షీణతను కూడా లెక్కగట్టి సవరిస్తారు. కొవ్వు ప్రోటాన్లు నీటి ప్రోటాన్ల కంటె త్వరగా పూర్వస్థితికి చేరి అధికంగా కనిపించకుండా ప్రేరేపణ కోణాన్ని తక్కువగా ఉంచుతారు. కొవ్వుకు ఒకటి గాక అనేక పౌనఃపున్యాలున్న సంగతిని కూడా గణనలో చేర్చుతారు. ఈ సవరణల పిదప లభించేదే ప్రోటాన్ సాంద్రతా కొవ్వు భిన్నం.

ఈ భిన్నం కొవ్వు ప్రోటాన్లకు, నీరు, కొవ్వు ప్రోటాన్ల మొత్తానికి గల నిష్పత్తి. సూక్ష్మదర్శినిలో లెక్కించేది కొవ్వు బిందువులున్న కణాల శాతం. రెండింటినీ శాతాలలోనే చెప్పినా అవి ఒకటి కావు. 33 శాతం కణాలలో కొవ్వు కనిపించినంత మాత్రాన ఎం.ఆర్.ఐ. 33 శాతం చూపదు. సాధారణంగా చాలా తక్కువ చూపుతుంది.

నూనెగింజల కొలతలోనూ తేమ సంకేతాన్ని వేరుచేయనిదే, నూనె శాతం తెలిసిన నమూనాలతో పరికరాన్ని సరిచూడనిదే ఫలితాన్ని అంగీకరించము. ఏ శాతాన్నైనా స్వీకరించే ముందు అది దేనిలో శాతమో, ఏయే సవరణల అనంతరం వచ్చినదో విచారించుట అవసరం.