నిమ్మలో గజ్జి తెగులు – రాగి ధాతు మందుల సక్రమ వినియోగం

గూడూరు, వెంకటగిరి ప్రాంతాల నిమ్మ తోటలలో గజ్జి తెగులు ప్రధాన సమస్య. బాక్టీరియా వలన వచ్చే ఈ తెగులు ఆకులు, కొమ్మలు, కాయలపై గరుకైన గోధుమరంగు మచ్చలను కలుగజేస్తుంది. రసం బాగున్నప్పటికీ మచ్చ పడిన కాయకు మార్కెట్‌లో ధర పలకదు. రాగి ధాతు మందులు చల్లినా కొన్ని తోటలలో ఫలితం కనిపించకపోవడానికి, అవి పనిచేసే తీరు తెలియకపోవడం ఒక ముఖ్య కారణం.

రాగి మందు మొక్కలోనికి ప్రవేశించదు. ఆకుపై పొరగా నిలిచి, తేమ తగిలినప్పుడు కొద్దికొద్దిగా రాగి అయాన్లను విడుదల చేస్తుంది. ఇవి తెగులు క్రిములలోని ఎంజైములను నిర్వీర్యం చేస్తాయి. కనుక ఈ మందు తెగులు రాకుండా కాపాడగలదే గాని, ఏర్పడిన మచ్చను మాన్పలేదు. పిచికారీ తరువాత వచ్చిన చిగురుకు కూడా రక్షణ ఉండదు. తెగులు సోకిన కొమ్మలను ముందుగా కత్తిరించి కాల్చివేసి, లేత చిగురు, పిందె దశలలో వర్షాలకు ముందే పిచికారీ చేయాలి. ఆకు తొలుచు పురుగు చేసే గాయాల ద్వారా తెగులు సులభంగా సోకుతుంది కాబట్టి దానిని కూడా అదుపు చేయాలి.

1885లో ఫ్రాన్స్‌కు చెందిన శాస్త్రవేత్త మిలార్డే ద్రాక్ష బూజు తెగులు నివారణకు వెల్లడించిన బోర్డో మిశ్రమం నేటికీ ఉపయోగంలో ఉన్నది. ఒక శాతం మిశ్రమానికి కిలో మైలతుత్తాన్ని 50 లీటర్ల నీటిలో, కిలో సున్నాన్ని మరో 50 లీటర్ల నీటిలో విడివిడిగా కలిపి వడపోయాలి. మైలతుత్తం ద్రావణాన్ని సున్నపు పాలలో పోస్తూ కర్రతో కలపాలి. ఇనుప పాత్రలు పనికిరావు. ప్లాస్టిక్ లేదా మట్టి పాత్రలు వాడాలి. మెరుగుపెట్టిన ఇనుప కత్తిని ముంచినప్పుడు ఎర్రని పూత ఏర్పడితే మరికొంత సున్నపు నీరు కలపాలి. లేనిచో మిగిలిన రాగి లేత ఆకులను మాడ్చివేస్తుంది. మిశ్రమాన్ని తయారుచేసిన రోజే వాడాలి. దీనికి బదులుగా కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున పిచికారీ చేయవచ్చు.

రాగి లోహం కావున నేలలో విచ్ఛిన్నం కాదు. ఏటేటా పైపొరలో పేరుకొని వానపాములకు, మేలు చేసే సూక్ష్మజీవులకు హాని చేస్తుంది. ఈ కారణంగానే ఐరోపా సమాఖ్య 7 సంవత్సరాలలో హెక్టారుకు 28 కిలోల రాగిని పరిమితిగా నిర్ణయించింది. మందు చేపలకు కూడా విషతుల్యం. పాత్రలను చెరువులలో, కాలువలలో కడగరాదు. పిచికారీల సంఖ్య పెంచడం కంటే చిగురు దశను గమనించి సకాలంలో చేయడం వలన పంటకు రక్షణ, నేలకు మేలు కలుగుతాయి.